గెట్ డౌన్ అంటే దిగుడు కాదు

మేము భివండిల సాంచాల గల్లీల ఉండేటోళ్ళం. సాంచాలంటే మరమగ్గాలు. బాపు ఒక సేటు కార్ఖానాల సాంచాలు నడిపేటోడు. సేటు కూడ మా కరీంనగర్ దిక్కోడే, ఒకప్పుడు బాపు పక్కన నిలబడి బట్ట నేసినోడే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల ముచ్చట ఇది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. బడి చదువంతా మరాఠీల అయింది కాబట్టి కాలేజీల ఇంగ్లీషు పాఠం మొదలైతే నాకు చెమటలు పట్టేవి. అందుకని సాయంత్రం పూట ఒక మేడం ఇంటికి ఇంగ్లీషు మాట్లాడుడు నేర్సుకోను పోయేదాన్ని.

మేడం మా తెలుగామే. పొద్దంతా దుకాణంల లెక్కలు రాసి, ఆదివారం చర్చిల పాటలు పాడి, మిగిలిన పొద్దుల మాకు చెప్పేది. పుస్తకం పట్టనిచ్చేది కాదు. "గో ఔట్" అంటే మేం లేచి గడప దాటాలె. "కమ్ బ్యాక్" అంటే మళ్ళ రావాలె. "మూవ్ ఓవర్" అంటే చాప మీద జరిగి పక్కదానికి జాగ ఇయ్యాలె. గో, కమ్, గెట్ అనే చిన్న మాటలకు వెనక ఒక తోక తగిలిస్తే మనిషి పోయే దిక్కే మారిపోతది అనేది. "గెట్ ఇన్, ఆటో ఎక్కు. గెట్ డౌన్, ఆటో దిగు. ఐ విల్ గెట్ డౌన్ ఎట్ భివండి రోడ్." మేం అందరం అదే వరస పెట్టి చెప్పేటోళ్ళం. బస్సుల కండక్టరు గట్లనే అంటడు, కాలేజీల సారు గట్లనే అంటడు. అది తప్పు కావచ్చని ఎవరికి తోస్తది?

ఆ ఎండాకాలం సేటు విదేశాల నుంచి వాడిన మిషన్లు నాలుగు తెప్పించిండు. నాడె, అంటే అడ్డం దారం మోసే కండె, లేకుండ నేసే మిషన్లు. వాటిని బిగించి నడిపి చూపెట్టను ఇంగ్లండు నుంచి ఒక ముసలాయన వచ్చిండు. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమ్మలు. గల్లీల అందరు ఆయనను గోరాసాబ్ అన్నరు. ఆయన మాట సేటుకు తెల్వదు, సేటు మాట ఆయనకు తెల్వదు. ముంబై నుంచి వస్తనన్న దుబాసీ రాలేదు. సేటు పొద్దుగాల మా తలుపు కొట్టిండు.

"బిడ్డా, నువ్వు ఇంగ్లీషు నేర్సుకుంటున్నవట గద. జర వచ్చి నిలబడు. ఆయన చెప్పింది మనోళ్ళకు చెప్తే చాలు."

నేను బాపు దిక్కు చూసిన. బాపు, "నీకు ధైర్యముంటే రా" అన్నడు. అమ్మ మాత్రం పొయ్యి కాడికెళ్ళి, "ఆడపిల్ల హమాలీల నడుమ నిలబడుడేంది?" అన్నది. కాని నేను అప్పటికే చెప్పులు ఏసుకున్న.

గల్లీ ఇరుకు. లారీ వెనక భాగం కార్ఖానా గేటు దిక్కు పెట్టి నిలబెట్టిన్రు. గేటు ముంగట మూడు కాళ్ళ ఇనుప స్తంభం, దానికి ఏలాడే చైన్ కప్పీ. మిషనుకు ఇనుప తాళ్ళు కట్టి, కప్పీతోని పైకి లేపి, కింది నుంచి లారీని ముందుకు తీసేసి, అప్పుడు మిషన్‌ను మెల్లగ నేలకు దించాలె. బాపు లారీల నిలబడి, మిషను ఊగకుండ చేత్తోని పట్టి చూస్తున్నడు. హమాలీలు గొలుసు కాడ ఉన్నరు. నేను కార్ఖానా మెట్ల మీద, గోరాసాబ్ పక్కన.

"బ్యాకప్!" అన్నడు ఆయన. నేను డ్రైవరుకు హిందీల, "భయ్యా, పీఛే లేవ్" అన్న. లారీ వెనకకు వచ్చింది. "దట్స్ ఇట్. టేక్ ఇట్ అప్." హమాలీలకు తెలుగుల, "పైకి లేపున్రి" అన్న. మిషను లేచింది. నా నోట్లె నుంచి మాట వెళ్తే గంత బరువు కదులుతుంటె, గర్వం కంటె భయమే ఎక్కువైంది. ఆయన మాట అందుకొని దాన్ని ఒకరికి తెలుగుల, ఒకరికి హిందీల ఇయ్యాలె. నడుమ గుక్క తిప్పుకునే సందు లేదు.

"నౌ పుల్ అవే. స్లోలీ." లారీ ముందుకు కదిలింది. ఆయన బాపును చూసి, "హోల్డ్ ఆన్!" అని అరిచిండు. ఫోన్ల హోల్డ్ ఆన్ అంటే ఆగుడని మేడం చెప్పింది. నేను "ఆగు! రుకో!" అన్న. డ్రైవరు బ్రేకు తొక్కిండు. బాపు ముందుకు తూలి, లారీ చెక్కను గుద్దుకొని నిలబడ్డడు.

"నో, నో! హిమ్! హోల్డ్ ఆన్!" గోరాసాబ్ రెండు పిడికిళ్ళు బిగించి చూపెట్టిండు. నాకు అప్పుడు సమజైంది. ఆగుమని కాదు, పడకుండ దేన్నన్న పట్టుకోమని.

"బాపూ, చెక్క పట్టుకోవాల్నట!"

బాపు చెక్క పట్టుకొని నాకు తల ఊపిండు. లారీ మళ్ళ కదిలింది. మిషను కింది నుంచి అప్పుడే బయటపడ్డది. మిషను గాలిల ఏలాడుతున్నది. అప్పుడు టప్పున ఒక చిన్న సప్పుడైంది. ఇనుప తాడు పురుల ఒకటి తెగి, పైకి లేచి వంకర తిరిగింది. నేను అది చూసిన గని ఏమైతున్నదో తెల్వలేదు. గోరాసాబ్‌కు తెలిసింది.

"గెట్ డౌన్! గెట్ డౌన్!"

దిగు అనే మాట నా నాలుక కొసకు వచ్చింది. బాపు లారీ వెనక అంచు కాడ ఉన్నడు. దిగితే మిషను పక్కకే దిగుతడు. నా పక్కన అరుస్తున్న మనిషి మాత్రం దిగుమన్నట్టు చెయ్యి చూపెడుతలేడు. మోకాళ్ళు మడిచి, తల భుజాల నడుమకు గుంజుకొని, రెండు చేతులతోని గాలిని నేలకు తొక్కుతున్నడు.

"బాపూ, వంగు! కిందికి వంగు! పండుకో!"

బాపు ఎందుకని అడుగలేదు. లారీల బోర్ల పడ్డడు. మరుక్షణమే తాడు తెగింది. తెగిన కొస లారీ మీదికెళ్ళి ఈల ఏసుకుంట పోయి పక్క చెక్కను కొట్టింది. చెక్క నిలువున చీలింది. మిషను ఒక మూలకు ఒరిగి, నేలకు దిగబడి, గల్లీ అంతా దుమ్ము లేచింది. హమాలీలు అటిటు ఉరికిన్రు.

"బాపూ?" అన్న.

"ఉన్న బిడ్డా," అన్నడు బాపు లారీల నుంచి. లేచి కూసున్నడు. నుదుటి మీద చెక్కపేళ్ళు గీరిన గీత, అంతే. నేను మెట్ల మీదనే కూలబడ్డ.

గోరాసాబ్ నా పక్కన కూసున్నడు. నేను ముక్కలు ముక్కలుగ అడిగిన. గెట్ డౌన్ అంటే బస్సు దిగుడు గద? ఆయన మెల్లగ చెప్పిండు. బస్సు నుంచైతే గెట్ ఆఫ్. ఎవరన్న గెట్ డౌన్ అని అరిస్తే తల దాచుకొమ్మని. ఎక్కడున్నోడు అక్కడనే కిందికి ఒదగాలె.

సేటు గడియారం చూసుకున్నడు. "కొత్త తాడు తెప్పిస్తున్న. లారీ పొద్దుమూకినంక గల్లీల ఉండనియ్యరు. ఇంక మూడు దించాలె. నిలబడు బిడ్డా."

"నిలబడ సేటూ," అన్న. నాకే ఆశ్చర్యమైంది ఆ గొంతు వింటె. "ఆయన ఏ మాట అంటె ఏం జెయ్యాల్నో ముందు అందరు చేసి చూపెట్టాలె. ఆయన కూడ. అప్పటిదాక నేను నోరు తెరువ."

సేటుకు కోపమొచ్చింది. "ఇది బడి అనుకున్నవా?" అన్నడు. గొలుసు పట్టిన హమాలీలల పెద్దాయన గొలుసు ఇడిచిపెట్టి, నా పక్కకొచ్చి నిలబడ్డడు. "చెల్లె చెప్పింది చేద్దాం సేటూ. ఆ తాడు మా తలల మీదికెళ్ళే పోయింది," అన్నడు. వెనకనే మిగిలినోళ్ళూ వచ్చిన్రు.

కొత్త తాడు వచ్చేదాక గల్లీల అదే పని. గోరాసాబ్ "స్టాండ్ బ్యాక్" అంటె అందరు వెనకకు జరిగిన్రు. "మూవ్ ఓవర్" అంటె పక్కకు. "లెట్ గో" అంటె చేతులు ఇడిచిపెట్టిన్రు. "గెట్ డౌన్" అంటె అంత పెద్ద పెద్ద మనుషులు నేల మీద కూలబడ్డరు. కిటికీలల నుంచి ఆడోళ్ళు నవ్విన్రు గని కింద ఒక్కలు నవ్వలేదు. ఒక్కొక్క మాటకు ఒక్కటే తెలుగు మాట, ఒక్కటే హిందీ మాట అని ఒప్పందం చేసుకున్నం. లారీ కదిలినప్పుడు దాంట్ల మనిషి ఉండొద్దని గోరాసాబే ఆన పెట్టిండు. మిగిలిన మూడు మిషన్లు దించేటప్పుడు నేను తాడు తప్ప వేరేది చూడలేదు. ఆఖరిది నేలకు ఆనినంక నా గొంతు పూర్తిగ పోయింది.

ఆ వారం మేడంకు జరిగింది చెప్పిన. "నాకూ గట్లనే నేర్పిన్రు," అని, అందరిని లేపి గెట్ ఆఫ్ కొత్తగ మొదలువెట్టింది.

మిషన్లు బిగించుడు అయినంక సేటు నాతోని గోరాసాబ్‌ను ఒక మాట అడిగిపిచ్చిండు. నాలుగు మిషన్లకు పూటకు ఎంతమంది కావాలె అని. బాపు, ఇంకొందరు నేతోళ్ళు అక్కడనే నిలబడి ఉన్నరు. గోరాసాబ్ ఇద్దరు చాలన్నడు. "ది అదర్స్ కెన్ మూవ్ ఆన్."

ఆ మాటకు అర్థం వెతికే పని పడలేదు. ముందుకు పోవుడు. కాని ఎక్కడికి? అందరు నా నోరు దిక్కు చూస్తున్నరు. మిషను దించినప్పటికంటె ఎక్కువ భయమైంది. దాన్ని మెత్తగ చేసి చెప్పబుద్ధైంది. చెయ్యలేదు.

"పూటకు ఇద్దరు సాలట. మిగిలినోళ్ళు వేరే పని చూసుకోవాల్నట."

సేటు నేల చూసిండు. నేతోళ్ళల ఒకాయన దస్తీతోని మొహం తుడుసుకొని బయటికి పోయిండు. బాపు మాత్రం, "ఉన్నదున్నట్టు చెప్పినవ్. మంచిగయింది," అన్నడు.

పాత సాంచాలు ఒక్కొక్కటి తుక్కు కింద పోయినయి. బాపును ఉంచుకుంటనని సేటు రెండుసార్లు మనిషిని పంపిండు. తనకంటె చిన్నోళ్ళకు చిన్న పిల్లలున్నరని, ఆ జాగ వాళ్ళకియ్యుమన్నడు బాపు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. వానలు మొదలైనంక బాపు పక్కనున్న పూర్ణ అనే ఊర్ల ఒక గోదాంల సామాను చూసుకునే పనికి కుదిరిండు. డిగ్రీ అయినంక నాకు అదే దారిల ఉన్న కాశేలిల ఇంకో గోదాం ఆఫీసుల కొలువు దొరికింది. కొన్నేండ్లు ఇద్దరం ఒక్కటే షేర్ ఆటోల బయలెల్లేటోళ్ళం. పొద్దున రద్దీల బాపు ముందు కూసునేటోడు, డ్రైవరు పక్కన సగం బయటికి. నేను వెనక నుంచి ఆయన అంగీ కాలరు చూసుకుంట పోయేదాన్ని. ఒకనాడు గుంతల ఆటో ఎగిరిపడ్డప్పుడు బాపు వెనకకు తిరిగి, "మంచిగ కూసున్నవా బిడ్డా?" అన్నడు. కూసున్న అన్న.