దేముడమ్మ మెటల్ పాటలు

దేముడమ్మను పిలవాలంటే ఊళ్లో ఎవరూ నోరు వాడరు. చిన్న మట్టిబెడ్డ తీసి ఆమె కాళ్ల దగ్గర పడేలా విసురుతారు. ఆమె వంచిన నడుం ఎత్తి, కొంగు కిందనుంచి చెవిలోని ఇయర్‌ఫోన్ తీగ ఒకటి పీకి, "ఏటి?" అంటుంది. పాట మధ్యలో పిలిచారన్న విసుగంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంటుంది.

అరకులో ఆటో ఎక్కి, దిగాక మళ్లీ కొండెక్కితే వస్తుంది ఆ ఊరు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ తీగలు చూసి పాపం భక్తిపాటలు వింటోందనుకుంటారు. బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ కూడా అలాగే ముచ్చటపడి ఒక తీగ తన చెవిలో పెట్టుకుంది. పెట్టుకున్నంత వేగంగానే లాగేసింది.

"ఇదేంటి దేముడమ్మా, లోపల ఎవర్నో చంపేస్తున్నారు!"

"నేదమ్మా, పాడతన్నాడు," అంది దేముడమ్మ. ఆ పాడేవాడు తన అక్క కొడుకైనట్టు కొంచెం నొచ్చుకుంది కూడా.

ఈ పాటలు ఆమె దగ్గరికి చేరింది రవిబాబు పొరపాటు వల్ల. సంతలో అతనిది సెల్‌ఫోన్ల కొట్టు. విశాఖపట్నంలో డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క, తిరిగొచ్చి కొట్టు పెట్టుకున్నాడు. కొండ ఊళ్ల జనం సంతకొచ్చినప్పుడు మెమరీ చిప్పులిచ్చి వెళ్తే, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని వచ్చేసరికి పాటలు ఎక్కించి ఉంచుతాడు. దేముడమ్మ తన అగ్గిపెట్టెంత ప్లేయర్ ఇచ్చి సినిమా పాటలు అడిగింది. ఆ రోజు రద్దీలో అతను తన సొంత చిప్పు తీసి అందులో పెట్టేశాడు.

మరుసటి సంతకు ఆమె కనిపించగానే రవిబాబు చేతులు జోడించాడు. "తప్పయిపోనాది అక్కా. మీ చిప్పు దాచి ఉంచాను, ఇచ్చేత్తాను."

"నాకొద్దు. ఇలాటివి ఇంకా ఉన్నాయేటి?"

రవిబాబు కాలేజీ హాస్టల్లో ఆ పాటలు పెడితే పక్క మంచాలవాళ్లు దిండ్లు విసిరేవారు. ఇంట్లో అమ్మ ఏకంగా తాయత్తు కట్టించింది. ఇన్నేళ్లలో ఇంకా ఉన్నాయా అని అడిగిన మొదటి మనిషి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆ పూట అతను బేరాలు పక్కన పెట్టి, ఆమెకు టీ తెప్పించి, వీటిని విదేశాల్లో మెటల్ పాటలంటారని, వాటిలో ఒక్కో రకం పేరూ చెప్పాడు.

పేర్లు ఆమెకు ఇట్టే పట్టుబడ్డాయి. డెత్ మెటల్ అంటే పొట్టలోంచి వచ్చే గొంతు. కట్టెలమోపు ఎత్తుకుని ఎగువకు నడిచేటప్పుడు అది తోడుంటే బరువు తెలియదు. బ్లాక్ మెటల్ కీచుగొంతుది, గిటార్లు ఎడతెగకుండా ఒకటే హోరు పెడతాయి. మార్గశిరం పొద్దుల్లో, పక్క చెట్టు కూడా కనబడని మంచులో వినాలి. గ్రైండ్‌కోర్ పాట ఒక కొమ్మకున్న కాఫీ పళ్లు కోసేలోపు అయిపోతుంది. దాని వేగానికి చేతులు వాటంతటవే పరుగెత్తి బుట్ట నిండిపోతుంది. ఇక డూమ్ అని ఒకటుంది, అన్నిటికన్నా నిదానం. అది మాత్రం ఆమెకు గిట్టలేదు. "రేషన్ లైన్లో నిలబడి పాడతన్నట్టున్నారు," అని మీట నొక్కి దాటేసేది.

మాటలు అర్థం కావు కదా అని ఎవరైనా అంటే నవ్వేది. వాళ్లింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. చిన్నప్పుడు బళ్లో తెలుగు పాఠాలే సగం అర్థంకాకుండా విన్న మనిషికి, మాట తెలియకపోవడం పెద్ద లోటు కాదు. "కోపం తెలుత్తాది, దుక్కం తెలుత్తాది. ఇంకేటి గావాలి?" అనేది. ఆమె కోపం ఎవరిమీదో ఎవరికీ తెలియదు. అంత అరుపు చెవిలో మోగుతుంటే, ఆమె మొహం మాత్రం నిద్రపోయే పిల్లని ఎత్తుకున్నంత నెమ్మదిగా ఉండేది.

ఫోన్ కొనుక్కోమని రవిబాబు చాలాసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. వాళ్ల ఊరికి సిగ్నల్ లేదు, ఈ ప్లేయరైతే పాటలన్నీ పొట్టలోనే పెట్టుకు తిరుగుతుంది. పళ్ల జిగురంటిన వేలితో రాస్తే ఫోన్ అద్దం పలకదు, దీని మీటలు చూడకుండా నొక్కొచ్చు. ఓసారి గెడ్డ నీళ్లలో పడితే తీసి సోళ్ల బస్తాలో, రాగిగింజల మధ్య పెట్టింది, ఆరి బతికింది. వీటన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. "ఫోన్లో ఐతే పాట మజ్జిలో ఎవుడో ఒకడు పిలుత్తాడు. దీన్లోకి ఎవుడూ రాలేడు బాబూ."

ఆమె మొగుడు పైడయ్యకు ఆ ప్లేయరంటే ఒళ్లు మంట. పైడయ్య తుడుం వాయిస్తాడు. కుండలాంటి దాని ఒంటికి బిగించిన తోలు మీద రెండు సన్నకర్రలు ఆడిస్తే, ధింసా ఆడే ఆడవాళ్ల వరస కదులుతుంది. టూరిస్టు బంగళాల దగ్గర సాయంత్రం ఆటలకు అతని జట్టునే పిలిచేవారు. "నా దెబ్బకి పది ఊళ్లోళ్లు ఆడతారు, నా పెళ్లానికే సెవుల్లేవు," అని జీలుగు కల్లు తాగినప్పుడల్లా అనేవాడు. దేముడమ్మ తీగలు సర్దుకుని పనిలోకి పోయేది. అతని తుడుం ఆమెకు పెళ్లినాటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని కూర్చుని వినాలని తోచలేదు, అంతే.

పోయినేడు సిల్వర్ ఓక్ చెట్టుకు పాకించిన మిరియాలు దించుతుండగా నిచ్చెన జారి పైడయ్య పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించారు, ఎముక అతికింది, కానీ చెయ్యి మునుపటిలా తిరగలేదు. గొడ్డలి పడుతుంది, నాగలి పడుతుంది. సన్నకర్రను గబగబా ఆడించడం మాత్రం ఇక రాదు. తుడుం అటక మీద మొక్కజొన్న పొత్తుల వెనక్కి పోయింది. జట్టులోకి జగదీష్ అనే కుర్రాడు వచ్చాడు. వాడి చేతులు మెరుపులు. టూరిస్టులు వీడియోలు తీసుకోవడానికి ఆ వేగమే బాగుంటుందని ఆట కూడా రానురాను జోరందుకుంది.

పైడయ్య అరుగు మీద కూర్చుని, తన చెయ్యి తనది కానట్టు ఒళ్లో పెట్టుకుని, పెరట్లోకి చూస్తుండేవాడు. కల్లు తాగినా ఇదివరకటిలా తిట్టడం లేదు. ఆ తిట్టకపోవడమే దేముడమ్మను భయపెట్టింది. ఆమెకు మొగుడి సంపాదన అక్కర్లేదు, కాఫీ తోట ఉంది. అతను మళ్లీ ఆ తుడుం కిందికి దించాలి. అది జరక్కపోతే, ఇంట్లో మనిషి ఉంటాడు గానీ పైడయ్య ఉండడని ఆమెకు తెలిసిపోయింది.

ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. తనకు ఎంత బాధొచ్చినా గ్రైండ్‌కోర్ వింటే పోయేది. తీసుకెళ్లి అందులో అన్నిటికన్నా ఇష్టమైన పాట మొగుడి చెవిలో పెట్టింది. లోపల డ్రమ్ములవాడు వడగళ్లవానలా విరుచుకుపడ్డాడు. పైడయ్య కళ్లు పెద్దవయ్యాయి. "ఈడికెన్ని సేతులే?" అన్నాడు. ఆ తర్వాత చూపు మెల్లగా తన మణికట్టు మీదికి దిగింది. తీగ తీసి ఆమె చేతిలో పెట్టి, లేచి గెడ్డవైపు వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

తను చేసిన పని అప్పుడు అర్థమైంది దేముడమ్మకు. పళ్లూడినవాడి ముందు చెరకుగడ పెట్టింది. ప్రేమతోనే పెట్టింది, కానీ పెట్టింది. గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది, ఆ పూట పాటలు పెట్టుకోలేదు.

సంతలో రవిబాబుకి సంగతంతా చెప్పి, "జోరుగా కొట్టనోడెవుడైనా ఉన్నాడేటి?" అనడిగింది.

"మీరు దాటేసే డూమే అక్కా. అందులో ఇంకా నిదానందుంది, ఫ్యూనరల్ డూమ్. చావు పాటల్లాటివి. ఒక దెబ్బ కొడితే రెండోది ఎప్పుడొత్తాదో తెలీదు." చిప్పులోకి ఎక్కిస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ జట్లవాళ్లు గిటారు తీగలు బాగా వదులు చేస్తారట, అందుకే శబ్దం అంత కిందనుంచి వస్తుందట.

ఆ పాటలతో ఆమె తిప్పలు ఆమె పడింది. కాఫీ కోసేటప్పుడు పెట్టుకుంటే చెయ్యి కొమ్మ మీదే నిలిచిపోయి బుట్ట సగం కూడా నిండలేదు. ఈ జట్లను ఆదివాసీ ఒడియాలోనూ తెలుగులోనూ తిట్టింది. అయినా తీసెయ్యలేదు. తనకే పట్టని పాటను మొగుడికి ఎలా వినిపిస్తుంది?

అది పట్టింది గింజలు ఆరబెట్టే రోజుల్లో. పళ్ల తోలు తీసి కడిగిన గింజలు టార్పాలిన్ మీద పోసి, మధ్యలో కాళ్లీడ్చుకుంటూ నడుస్తూ తిరగేస్తారు. కాలు ఈడ్చినప్పుడల్లా గింజలు సర్రుమంటాయి. ఆ పనికి తొందర పనికిరాదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తుంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఆ ఖాళీలోకి ఆమె అడుగు తనంతట తను వెళ్లి కూర్చుంది. ఇన్నాళ్లూ ఇందులో ఏమీ లేదనుకున్న చోటే ఉంది అసలు పాటంతా. ఆమెకు కళ్లు చెమర్చాయి, తుడుచుకోకుండానే నడిచింది.

అరుగు మీద పైడయ్య తల తిప్పాడు. చాలాసేపు ఆమె కాళ్ల వైపే చూశాడు.

"ఏటే ఆ నడక? మూడో అడుగు ఆలీసంగా ఏత్తన్నావు."

ఆమె ఒక తీగ తీసింది. "నాను కాదు మావా. ఆడు అలగే కొడతన్నాడు."

పాట అతను వినలేదు. గింజల్లో ఆమె కాళ్ల చప్పుడు మాత్రమే విన్నాడు, దానిలోంచే దెబ్బ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు తుడుం కొట్టిన చెవి అది, విరిగింది మణికట్టే. దేముడమ్మ తీగ ఇస్తానని అనలేదు; ఈసారి అంత తెలివి వచ్చింది. మళ్లీ నడక మొదలెట్టింది. కాసేపటికి పైడయ్యే లేచి, చెప్పులు విడిచి, గింజల్లోకి దిగి, ఆమె భుజం మీద వేలాడుతున్న తీగ తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు.

ఆ తీగ పొడవు మూరకు మించి లేదు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, భుజాలు రాసుకుంటూ నడవాల్సి వచ్చింది. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు పట్టపగలు అంత దగ్గరగా నడిచింది లేదు. ఎదురింటి ఆడవాళ్లు పళ్లికిలించారు. వాళ్లను పట్టించుకునే స్థితిలో ఇద్దరూ లేరు.

"దెబ్బ కొట్టి ఏటి సేత్తన్నాడు?" అన్నాడు పైడయ్య.

"ఏటీ సెయ్యట్లేదు. ఆగతన్నాడు."

పైడయ్య రెండు చాళ్లు నడిచాడు. "ఆగడం కాదే. కొట్టిందాన్ని ఇంటన్నాడు."

ఆ సాయంత్రమే తుడుం కిందికి దిగింది. మామూలుగా కొట్టేముందు తోలును మంట దగ్గర కాచి బిగిస్తారు. దేముడమ్మ పొయ్యి రాజెయ్యబోతే వద్దన్నాడు. గిటారు తీగలు వదులు చేస్తారని రవిబాబు చెప్పిన మాట ఆమె అతనికి చెప్పి ఉంది. చల్లటి తోలు మీద, సన్నకర్ర బదులు గుడ్డ చుట్టిన లావుకర్రతో ఒక దెబ్బ వేశాడు. ఆ శబ్దం అరుగులోంచి ఆమె అరికాళ్లలోకి వచ్చింది. వంకర చెయ్యి మెల్లగా పైకి లేచి మళ్లీ దిగింది. దానికి కావలసినంత సమయం ఈ పాటలో ఉంది.

చైత్రం పండగనాడు ఊరి మధ్యలో ధింసా మొదలైంది. ముందు జగదీష్ వాయించాడు. ఊరి ఆడపిల్లలు, ఆ గుంటలంతా గిరగిరా తిరిగారు, అంచున కూర్చున్న పెద్దోళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు ఆట మానేసి ఎన్నో ఏళ్లయింది. జగదీష్ నీళ్లకు లేచినప్పుడు పైడయ్య వెళ్లి వాడి చోట నిలబడ్డాడు. దేముడమ్మ చెవుల్లో తీగలు లేవు.

ఒక దెబ్బ. తర్వాత ఖాళీ. మళ్లీ ఒక దెబ్బ.

వరసలో ఉన్న గుంటలకు కాలు ఎప్పుడు ఎత్తాలో తెలియలేదు. ఒకరినొకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. ఎవరో "తాత నిద్రపోతన్నాడు" అన్నారు. పైడయ్య కర్ర గాలిలో ఆగింది, ఇక దిగదేమో అనిపించింది. దేముడమ్మకు పరుగెత్తి వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె తన మొగుడి తుడుం కోసం చెవులు రిక్కించి నిలబడింది.

దెబ్బ దిగింది. అంచున కూర్చున్నవాళ్లలోంచి రత్నాలు లేచింది. మోకాళ్లు పాడైపోయాక కర్ర లేకుండా గుమ్మం దాటని ముసలమ్మ ఆమె. ఒకప్పుడు వరసకు ముందుండి నడిపించేదట. కర్ర కింద పడేసి, పక్కన కూర్చున్న ముసలామె నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీసింది. వాళ్ల వెనక ఇంకొకామె లేచింది. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, ఆ వరస నెమ్మదిగా, వణుకుతూ, మధ్యలోకి వచ్చింది. దేముడమ్మ కూడా వెళ్లి చివర్న పట్టుకుంది. గుంటలు నవ్వడం మానేసి దారిచ్చారు.

రత్నాలు తుడుం ముందుకొచ్చి, ఎగరొప్పుతూ, మొహమంతా నవ్వుతూ అరిచింది. "ఒరే పైడిగా! ఇన్నేళ్లూ నీకు ఏటి తొందర్రా?"

పైడయ్య కళ్లలోంచి నీళ్లు కారుతుంటే కర్ర పైకెత్తి, ముసలమ్మ పాదం నేల మీద ఆనేదాకా ఆగాడు.