పిల్ల లగ్గమైతదా?

నవల మొదటి పేజీలోనే హత్య. ఆ తర్వాత వంద పేజీలూ ప్రేమే! థ్రిల్లర్ల పిచ్చోణ్ణి, ఒళ్లు మండి రైల్లోనే పుస్తకం మూసేశాను.

ఎదురు సీట్లో కూర్చున్న ఒక అక్క కథేందని అడిగింది. “పోలీసు హంతకుణ్ణి వెతకడం మానేసి, చనిపోయినవాడి చెల్లెలి వెంట తిరుగుతున్నాడు” అన్నాను.

“పిలగాడు మంచోడేనా? లగ్గమైతదా?”

“చంపిందెవరో అక్కర్లేదా?”

“సచ్చినోడు మళ్ల రాడు గదా. గా పిల్ల సంగతి జెప్పు తమ్మీ!”

స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగినా ఆమె నా కిటికీ వదల్లేదు. రైలు కదిలితే పక్కనే నడిచింది. గబగబా చివరి పేజీ తిప్పాను. పెళ్లిపందిరి!

“లగ్గమైందక్కా!” అని అరిచాను. ఆమె చప్పట్లు కొట్టింది. “ఎవరి లగ్గం?” అంటూ ప్లాట్‌ఫారమంతా నవ్వింది.

ఆ నవల ఇంకా నా దగ్గరే ఉంది. హంతకుడెవరో మాత్రం ఇప్పటికీ చూడలేదు.