బండి నుదుటి మీద కొబ్బరినీళ్లు

పోయిన వారం ఒక పాత లేడీస్ సైకిల్ని నరసరావుపేట నుంచి మాచర్లకు చేర్చాను. సైకిల్‌తో బస్సూ రైలూ ఎక్కాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దారిలో బయటపడ్డ నా తెలివితక్కువతనం ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

సైకిల్ మా చెల్లెలి కూతురు మౌనికది. మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివిన మూడేళ్లూ దాని మీదే కాలేజీకి వెళ్లేది. "మామయ్యా, బ్రేకేస్తే హ్యాండిల్ టకటకమని కదులుతోంది" అని ఎన్నిసార్లు చెప్పిందో! నేను వీధి చివరిదాకా తొక్కి చూసి, "ఏమీ లేదు. నీకు భయం, అందుకే వినపడుతోంది" అనేవాణ్ని. ఒకరోజు మలుపులో పడి మోచెయ్యి చీరుకుంది. ఇక దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు మాచర్ల దగ్గర పల్లెల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. సైకిల్ తొక్కక తప్పదు. "నా వల్ల కాదు మామయ్యా, వదిలేస్తా" అని ఫోన్లో ఏడ్చింది. నా మనసు ఊరుకోలేదు. సైకిల్ తెస్తున్నానని చెప్పాను.

శనివారం ఉదయం ఆరుంబావుకు సైకిల్‌తో పిడుగురాళ్ల బస్సెక్కాను. "పట్టుకుని కూర్చో పెద్దాయనా, ఎవరి మీదన్నా పడితే నాకు సంబంధం లేదు" అన్నాడు కండక్టరు. వెనక సీటు ముందు నిలబెట్టి దారంతా దాన్ని పట్టుకునే కూర్చున్నాను. పక్కనున్న మిర్చి రైతు నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసి, "ఈ వయసులో ఇదేంది బాబాయ్?" అన్నాడు. మేనకోడలి ఉద్యోగం సంగతి చెబితే, సైకిల్ వెనక చక్రం తనే పట్టుకున్నాడు.

ఏడుమ్ముప్పావుకు పిడుగురాళ్లలో దిగి ఇడ్లీ తిన్నాను. రైలు అక్కడే ఎక్కొచ్చు. కానీ అప్పగించే ముందు ఒకసారి గట్టిగా తొక్కి చూద్దామని నడికుడి దాకా సైకిల్ మీదే బయలుదేరాను. సున్నపు బట్టీలు దాటాక రోడ్డు దిగుడుగా ఉంది, హాయిగా పోతున్నాను. ఇంతలో ఒక గేదె అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ నొక్కేశాను. టక్! హ్యాండిల్ చేతుల్లో అదిరింది.

ఓరి దేవుడా, ఇదా ఆ పిల్ల చెప్పింది! జీవితంలో నేను ముందు బ్రేకు వేసి ఎరగను, వెనకదే వాడతాను. ఆ పిల్లేమో రెండూ వేసేది. చప్పుడు ముందు బ్రేకుకే వస్తుంది. సిగ్గేసింది. కానీ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలని పంతం కూడా పుట్టింది. వెంట తెచ్చిన పానాతో బెల్లు ఊడదీశాను, బుట్ట ఊడదీశాను, మడ్‌గార్డు బిగించాను. హ్యాండిల్ కింది పెద్ద నట్టు కూడా బిగించాను. ఊహూఁ, టకటక పోలేదు. ఊడదీసినవన్నీ మళ్లీ బిగించి బయలుదేరాను.

నడికుడి స్టేషను దగ్గర సైకిల్ షాపు సైదులుకు చూపించాను. అతను నా కథ సగంలోనే ఆపాడు. "ముందు బ్రేకు నొక్కి పట్టుకో. బండిని ముందుకీ ఎనక్కీ ఊపు" అని, హ్యాండిల్ గొట్టం ఫ్రేములోకి దిగే చోట నా వేలు పెట్టించాడు. ఊపిన ప్రతిసారీ సన్నగా కదులుతోంది. "పై నట్టు బిగిస్తే ఏం లాభం? దాని కింద గోళీలు తిరిగే గిన్నె ఉంటది, బిగించాల్సింది దాన్ని. ముందు లోపలేముందో చూద్దాం."

విప్పాడు. లోపల గ్రీజు లేదు. పచ్చగా, ఎర్రగా గట్టిపడిన ముద్దలో తుప్పు పట్టిన ఇనుప గోళీలు ఇరుక్కుని ఉన్నాయి. సైదులు వేలితో రాసి వాసన చూసి పకపకా నవ్వాడు.

"పసుపు! పూజ చానా ఘనంగా చేశావే బాబాయ్. కొబ్బరినీళ్లు కూడా పోశావా?"

పోశాను. ఏటా దసరాకూ, శివరాత్రికి కోటప్పకొండ వెళ్లొచ్చిన మర్నాడూ, బండి నుదురు అదేనని సరిగ్గా అక్కడే బొట్లు పెట్టి కొబ్బరినీళ్లు పోశాను. ఆ పిల్ల క్షేమం కోసమే పోశాను.

"అందరూ అంతే. లోపలికి దిగి తుప్పు పట్టుద్ది" అంటూ కొత్త గోళీలు పేర్చాడు. గిన్నె నిండాక ఒకటి తీసేశాడు, తిరగడానికి చోటుండాలట. గ్రీజు పూసి, నట్టు కింది గిన్నెను చేత్తో బిగించి, అది తిరక్కుండా పట్టుకుని పై నట్టు బిగించాడు. ముందు చక్రం లేపితే హ్యాండిల్ తనంతట తనే మెత్తగా పక్కకు వాలింది. బ్రేకు పట్టి ఊపాను. చప్పుడు లేదు.

మధ్యాహ్నం ప్యాసింజరుకు లగేజీ టికెట్టు తీసుకుని సైకిల్ ఎక్కించాను. గురజాలలో వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నాను. మాచర్లలో దిగి ఇంటికెళ్లేసరికి మా చెల్లెలు పళ్లెంలో పసుపు, కొబ్బరికాయ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమే, ఆగు!" అని అరిచాను.

"శుభమా అంటే ఈ కేకలేంది అన్నయ్యా?"

విషయం విని మౌనిక కొబ్బరికాయ తీసుకుని వాకిట్లో రాయి మీద కొట్టింది. బొట్టు బెల్లుకు పెట్టింది. ఆదివారమంతా ఇంటి ముందు తొక్కుతూ, పది గజాలకోసారి ముందు బ్రేకు వేసి చెవొగ్గి వింది.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు తిరుగు బస్సులో ఉన్నాను. చేతులు ఖాళీ, జేబులో సైదులు తీసిన తుప్పు గోళీలు. గురజాల దాటాక ఫోన్ వచ్చింది.

"మామయ్యా, నాకిచ్చిన రెండూళ్లూ తిరిగొచ్చా. ఒక్క చప్పుడు లేదు."

"తల్లీ, చప్పుడు సైకిల్లోనే ఉంది. నీలో లేదు" అన్నాను.

"నాకు తెలుసుగా మామయ్యా" అంది మౌనిక. "మూడేళ్లు చెప్పా."

ఆ తుప్పు గోళీలు జేబులోంచి తీసి, నరసరావుపేట వచ్చేదాకా అరచేతిలో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.