గిన్నెడు కూర ఎన్ని గ్రాములు

శృంగవరపుకోటలో కూతురింటికి వెళ్లిన మా వదిన పోయిందని పోయిన నెలలో ఓ ఉదయం ఫోను వచ్చింది. మా ఆయనకు అక్క. ఎనభై రెండేళ్లు. ఆవిడనడిగితే మాత్రం "ఎనభైకి అటూ ఇటూ" అనేది. ఆవిడ లెక్కలన్నీ అలాంటివే. విజయనగరంలోని మా ఇంట్లో ముప్పై ఏళ్లు వంట ఆవిడది, పద్దు పుస్తకం నాది.

నాలుగేళ్ల కిందట మా ఆయనకు చక్కెర జబ్బు బయటపడింది. మూడు నెలల్లో తగ్గకపోతే రోజూ సూదిమందు తప్పదన్నారు డాక్టరు. సూదిని చూస్తేనే కళ్లు తేలేసే మనిషి ఆయన. పూటకు అన్నం ఒక కప్పు, వండిన కూర నూట యాభై గ్రాములు అని చీటీ రాసిచ్చారు. నేను ఆ సాయంత్రమే ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను.

వదినకు గ్రాములు పట్టవు. అందుకని ఆవిడ స్టీలు గిన్నెలో బీరకాయ కూర నింపి తూచాను. సరిగ్గా నూట యాభై.

"వదినా, ఇకనుంచి పూటకు ఈ గిన్నెడు."

"ఏ కూరైనా?"

"ఏదైనా."

"ఏటి సదువుకున్నావే నువ్వు. ఆనపకాయ నీల్లోడి బరువెక్కుతాది. కాకరకాయ ఏపితే తేలిపోతాది. గిన్నె ఒకటైతే బరువూ ఒకటేటి?"

తప్పు ఒప్పుకున్నాను. వారం రోజులు కూర్చుని పట్టిక రాశాను. ఆనపకాయ ముప్పాతిక గిన్నె, కాకరకాయ వేపుడు గిన్నెన్నర. తోటకూరను మూడుసార్లు తూచాల్సి వచ్చింది. బుట్టెడు ఆకు ఉడికితే పిడికెడవుతుంది, మీరూ తూచి చూడండి. పట్టికను గోడకు అంటించాను. వదిన రోజూ దానికి దణ్ణం పెట్టి పొయ్యి వెలిగించేది.

ఆవిడ పెట్టిన కూర చుక్క నీరు ఊరకుండా, పైన అలికిన అరుగులా నున్నగా ఉండేది. ఎంత శుభ్రమైన చెయ్యో చూడండని వచ్చినవాళ్లకు చూపించేదాన్ని.

మూడు నెలలకు చక్కెర దిగింది. డాక్టరుగారికి నా పట్టిక చూపించి మెప్పు పొందాను. ఆ ఉత్సాహంలో ఇంటికి రాగానే, వడ్డనకు సిద్ధంగా ఉన్న గిన్నెను కాటా మీద పెట్టాను. బీరకాయ. గిన్నె బరువు పోను రెండు వందల ముప్పై.

"ఇదేమిటి వదినా?"

"గిన్నెడన్నావు. గిన్నెడే ఎట్టాను."

గరిటె వెనకతో నొక్కి పెట్టిందట. మూడు నెలలూ.

"నూట యాభై అని రాసి ఉంది కదా."

"ఒసే, నువ్వు కూర తూస్తన్నావు. ఆడు మారన్నం తింటంటే అదెవులు తూసారు? కూర నిండుగా ఎట్టాను, మారు అడగడం మానేసాడు. సక్కెర దిగింది నీ కాయితానికా, నా గరిటెకా?"

పద్దు పుస్తకం తీశాను. బియ్యం బస్తా ఎప్పటికన్నా పన్నెండు రోజులు ఎక్కువ వచ్చింది. నా చేతిరాతే. పక్కన కారణం గడి మాత్రం ఖాళీగా ఉంది.

నేను పట్టిక తీయలేదు. ఆవిడ నొక్కడం మానలేదు. సూదిమందు మా గడప తొక్కలేదు.

కర్మలన్నీ అయ్యాక మొన్న నేను వండాను. బీరకాయ. గిన్నె అంచుకు సమంగా నింపి తూచాను. నూట యాభై. మా ఆయన గిన్నె కేసి కాసేపు చూశారు.

"మారన్నం ఉందా?"

నాలుగేళ్లుగా వినని మాట. గిన్నె వంటింట్లోకి తీసుకెళ్లి, ఆవిడ గరిటె వెనకతో నొక్కాను. కూరలో చిన్న గుంట పడింది. ఇంకాస్త వెయ్యబోతూ ఆగి చూశాను. ఆ గుంటలోకి నెమ్మదిగా నీరు ఊరుతోంది.