ఆఫ్రికా రచయిత్రికి మా అమ్మ ఊ కొట్టింది

ఈ రోజు తెలంగాణ బంద్. కాలేజీ లేదు కదా అని, ఆఫ్రికా రచయితలు తమ కథల గురించి మాట్లాడుకునే వీడియో ఒకటి కంప్యూటర్‌లో పెట్టాను. ఒక రచయిత్రి చేతులు తిప్పుతూ తన నానమ్మ చెప్పిన కథ చెబుతోంది. పక్కన బీడీలు చుడుతున్న అమ్మ "ఊ... ఊ..." అంటోంది. అమ్మకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు!

"ఏమర్థమైందమ్మా నీకు?"

"అర్థమయ్యేది ఎనక. ఊ కొట్టకుంటే ఆమె కథ ఆపేస్తది గద బిడ్డా!"

నా కథకూ ఊ కొడుతుందేమోనని నాకు ఆశ పుట్టింది. రేపు పత్రికకు పంపాల్సిన నా కథ చదివి వినిపించాను. రెండో పేరాలోనే అమ్మ ఊ ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"టీవీల వార్తలు చదివినట్టు చదువుతున్నవ్. ఆమె లెక్క నా మొఖం చూసి చెప్పు."

కాగితాలు లేకుండా చెప్పబోతే నా కథ నాకే నాలుగు మాటలు దాటి రాలేదు. రేపు పోస్టాఫీసుకు పోవడం లేదు. కథలు రాసేవాళ్లారా, మీరు ముందు ఎవరికి వినిపిస్తారు?