నీళ్లను పెంచిన తమ్ముడు

మా తమ్ముడు పోయాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వాడి ఫ్లాట్‌లోనే, వాడి తొట్టిలో మంచినీళ్లు పోస్తున్నాను. చెంబు కింద పెట్టి విన్నాను. సూరత్‌లో కరోనా రెండో వేవ్ రోజులు. మొహం కూడా చూడనివ్వలేదు.

ఇక్కడి మన తెలుగువాళ్లు వాడి గురించి రెండు మాటలు రాయమన్నారు. రాస్తున్నాను.

వాడు సూరత్ పక్కనే హజీరాలో ఇంజనీరు. పెళ్లి చేసుకోలేదు. హాల్లో గోడ పొడుగునా సముద్రపు తొట్టి పెట్టుకున్నాడు. అందులో పగడాలు, రెండు నారింజరంగు చేపలు. డ్యూటీకి వెళ్లేముందు గాజుకు ముక్కు ఆనించి చూసుకునేవాడు.

"పులుసుకి ఎప్పుడొస్తాయిరా?" అని నేనంటే, "మెల్లగా అక్కా! వింటాయి" అనేవాడు.

చేప నలతగా ఉన్నా మందు వేసేవాడు కాదు. "నేను పెంచేది చేపల్ని కాదక్కా, నీళ్లని. ముందు నీళ్లనే అడగాలి" అంటూ చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష చుక్కలు వేసి, రంగు మారేదాకా కిటికీ దగ్గర నిలబడేవాడు. అమ్మోనియా, నైట్రేటు అని వాడు అంటుంటే చుట్టాల పేర్లలా వినిపించేవి.

వాడు ఆసుపత్రిలో చేరినప్పుడు ఊరికి అటువైపు ఉధ్నాలో మా ఇంటిల్లిపాదీ క్వారంటైన్‌లో ఉన్నాం. అందుకని ఫ్లాట్ తాళం తొట్టి అమ్మిన దుకాణదారుకి ఇచ్చాడు. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదు కాబట్టి, తగ్గినంత మేర రోజూ మీఠా పానీ పోయాలని హిందీలో చెప్పాడు. మీఠా అంటే తియ్యన, మీఠా పానీ అంటే మంచినీళ్లు. అతను ఏళ్ల తరబడి చేసేది ఆ వ్యాపారమే.

కొన్నాళ్లకే పగడాలు ముడుచుకున్నాయి. అతను వీడియో పంపాడు. తమ్ముడు మాస్కులోంచే ఒక్కొక్కటీ అడిగాడట. అమ్మోనియా? లేదు. నైట్రేటు? మామూలే. ఉప్పు? "చూశాను సాబ్, ఏక్‌దమ్ బరాబర్."

చూడలేదు.

మా క్వారంటైన్ అయిన రోజే వెళ్లాను. తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే, ఉప్పు కొలిచే గొట్టం అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పట్టాను.

"గీత ఎక్కడుందక్కా?"

"నువ్వు చెప్పిన గుర్తు దాటి చాలా పైకి పోయిందిరా."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను కలిపిపెట్టిన ఉప్పునీళ్ల డ్రమ్ము చూడు."

"అడుగంటింది."

"అయితే అవే పోశాడు. వంటింటిదాకా వెళ్లి ఫిల్టర్ నీళ్లు పట్టడానికి బద్ధకం." తిట్టలేదు. "నువ్వు గాభరాపడి మంచినీళ్లు గుమ్మరించకు. కొంచెం తీసి, కొంచెం పొయ్యి. తొందరపడితే ఉన్నవీ పోతాయి. నేనొచ్చేసరికి గీత కిందికి దించు, చాలు."

గీత దిగింది. వాడు రాలేదు. పగడాలు తెల్లగా బూడిదలా రాలిపోయాయి. చేపలు మిగిలాయి.

వాడి చివరి మాటల్లో సగం ఉప్పు గురించే. ఆ మాటలు నాకు రావలసినవి. రోజూ దీపం పెట్టి అందరూ బాగుండాలని మొక్కుకుంటాను. ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగి, ఒక్కడిని పక్కన పెట్టి మొక్కుకుంటున్నాను. ఎవరినో దేవుడికి చెప్పనక్కర్లేదు.

పెద్దకర్మ అయ్యాక ఆ దుకాణదారు ఫ్లాట్‌కి వచ్చాడు. ఫొటోకి దండం పెట్టాడు. కళ్లు మాత్రం తొట్టి మీదున్నాయి.

"ఇంక ఇది మీకెందుకు బెన్? నేను పట్టుకుపోతాను."

"ఉప్పునీళ్లు ఎందుకు పోశావు భాయ్?"

"సాబే కదా మీఠా పానీ అన్నారు! మా గుజరాతీలో మీఠు అంటే ఉప్పు."

ఈ ఊళ్లోనే నా జుట్టు నెరిసింది. మీఠు అంటే ఉప్పే, నిజం. కానీ ఉప్పునీళ్లని ఇక్కడ పసిపిల్లలు కూడా ఖారా పానీ అంటారు. మీఠా పానీ అంటే తాగే నీళ్లే.

వంటింటివైపు లేచాను. "చాయ్ తాగుతావా?"

"తాగుతాను బెన్. జర మీఠీగా ఉండాలి."

"అలాగే."

అల్లం దంచి వేశాను. పాలు పొంగించాను. గ్లాసులో పోసి, చెంచా నిండా ఉప్పు తీసి కలిపాను, మళ్లీ కలిపాను. పెదవుల మీద దేవుడి నామం ఆగలేదు.

అతను పెద్ద గుక్క పట్టి ఆగిపోయాడు. బుగ్గలు ఉబ్బాయి. ఎదురుగా ఫొటో, దాని ముందు దీపం. ఉమ్మడానికి చోటు లేదు.

"ఏం భాయ్, మీఠు సరిపోయిందా?"

నోరు తెరవలేడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేపలూ గాజు దగ్గరకొచ్చి చూస్తుండగా ఆ గుక్క మింగాడు.

గ్లాసులో ఇంకా చాలా ఉంది. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.