సులోచనక్క చదివిన నవల... మా పంచలో రెండు పక్షాలు

మా చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక పంచలో కూర్చుని మా సులోచనక్క పైకి నవల చదివేది... మిగతావాళ్ళం వినేవాళ్ళం.

బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డున మా ఊరు. నాయన వేటకు పోయేవాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుని పొద్దున్నే కావలి వెళ్ళేది. పదో తరగతి పాసైన అక్క ఇల్లు చూసుకునేది. పైచదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అక్క కూడా ఎత్తలేదు.

వినేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు మా అవ్వ, నాయన వాళ్ళమ్మ. ఇంకొకరు పక్కింటి పోలమ్మత్త. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. చేటల్లో ఎండు నెత్తళ్ళు, ఆ సన్నచేపలు, ఏరుకుంటూ వినేవాళ్ళు. అక్క నీళ్ళు తాగడానికి ఆగినా ఊరుకునేవాళ్ళు కాదు... "ఊఁ, తర్వాత?"

ఆ నవల పేరు చెప్పను. చెబితే కింద కామెంట్లలో మీరూ కొట్టుకుంటారు... మొన్నే ఒక గ్రూపులో చూశాను, దాని మీద తగవు ఇప్పటికీ తెగలేదు!

ఒక పల్లెటూరి పిల్ల పెద్దదయ్యే కథ అది. ఆ పిల్లకు జ్వరమొస్తే మా అవ్వ దేవుడికి దండం పెట్టుకుంది. బడిలో బహుమతి వస్తే పోలమ్మత్త మాకందరికీ బెల్లం ముక్కలు పంచింది. అంతగా మా ఇంటి పిల్లయిపోయింది.

చివరి అధ్యాయంలో ఆ పిల్ల చదువుకోవాలని, జబ్బుతో ఉన్న తల్లిని వదిలి, ఇంట్లో ఎవరికీ, తండ్రికి కూడా, చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోతుంది.

అవ్వ చేట కింద పెట్టేసింది.

"ఏం బిడ్డమ్మా అది! తల్లి మంచంలో ఉంటే వదిలేసి పోతాదా? ఆమెకి గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కెవురు?"

"పోక ఏం జేస్తాది పెద్దమ్మా?" అంది పోలమ్మత్త. "ఉంటే బతుకంతా ఆ పొయ్యి కాడే గదా. నన్నడిగితే ఇంకా ముందే పోవాల్సింది."

"నీకు బిడ్డలుంటే తెలిసేది."

పోలమ్మత్తకు పిల్లల్లేరు. ఆమె తన చేట తీసుకుని, చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వాళ్ళ వాకిట్లోనే ఒక్కతే కూర్చుని నెత్తళ్ళు ఏరుకునేది. అవ్వకు గొంతులో ముద్ద దిగేది కాదు. పోయి పలకరించమంటే మాత్రం, "పుస్తకంలో పిల్ల కోసం నాతో కొట్లాడిందే!" అనేది.

సముద్రం పోటు మీదుండి పడవలు పోని రోజొకటి వచ్చింది. చేపల్లేక అమ్మ కూడా ఇంట్లోనే ఉంది. నాయన పంచలో వల బాగుచేసుకుంటూ అక్కను పిలిచాడు.

"ఆ పుస్తకంలో ఏముంది మే, ఇద్దురూ మాట్లాడుకోవడం లేదు? నాక్కూడా చదువు. పోలమ్మక్కని పిలవండి, ఆమె లేకుండా ఏం తీర్పు!"

నేనే పరుగెత్తి పిలుచుకొచ్చాను. పోలమ్మత్త అవ్వ వైపు చూడకుండా ఒక చివర కూర్చుంది. అక్క కథ చెప్పి, చివరి అధ్యాయం మళ్ళీ మొత్తం చదివింది. నాయన తల ఎత్తలేదు. అయిపోయాక అడిగాడు.

"నువ్వేమంటావు సులోచనా?"

"ఆ పిల్లది తప్పే నాయనా."

పోలమ్మత్త ముఖం చిన్నబోయింది. నాకూ ఆశ్చర్యమే... అక్క ఆమె పక్షమనే అనుకున్నా.

"చదువుకోను పోవడం తప్పు గాదు. చెప్పకుండా పోవడం తప్పు. నేనయితే అడుగుతా." అక్క పుస్తకం మూసింది. "అడుగుతున్నా నాయనా... నన్ను కావలి కాలేజీకి పంపిస్తావా?"

వల మీద నాయన చెయ్యి ఆగిపోయింది.

"ఆ పిల్ల వాళ్ళ నాయన్ని ఎందుకడగలేదు?"

"అడిగితే వద్దంటాడని భయం."

నాయన వల పక్కన పెట్టాడు. "అట్లయితే తప్పు ఆ నాయనది," అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది.

"మరి ఇంట్లో వంటా, పనీ?" నెమ్మదిగా అడిగింది అక్క, అవ్వను చూస్తూ.

"నా చేతులేమన్నా పడిపోయినాయా?" కసిరింది అవ్వ. "ఆ పిల్ల పోయినాది తప్పే, నేనిప్పుడూ అదే అంటా. మన బిడ్డ అడిగినాది. అది వేరే." పంచ చివర వైపు చూసింది. "ఏం మే పోలమ్మా... నేనొక్కదాన్నే యాడ చేసుకోగలను? నువ్వు రావా ఏంది? ఆ పొద్దు ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను."

పోలమ్మత్త లేచి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

అక్క కావలి వెళ్ళింది. ఇప్పుడు వాకాడు వైపు ఒక బడిలో టీచరు. అదే నవల తన తరగతి పిల్లల చేత చదివిస్తుంది. వాళ్ళలోనూ రెండు పక్షాలేనట! "ఫోనన్నా చేసుండొచ్చు గదా మేడం" అని ఒకమ్మాయి అడిగిందట... ఇంకో అమ్మాయి, ఆ తల్లి తర్వాత ఏమైందో తనే రాస్తానందట. ఆ మాట చెబుతూ అక్క ఎంత సంబరపడిందో.

అవ్వా, పోలమ్మత్తా బతికున్నన్నాళ్ళూ ఆ పిల్ల గురించి వాదించుకుంటూనే ఉన్నారు. ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. ఒకరు లేకుండా ఇంకొకరు ఆ పంచలో కూర్చోనూలేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళం ఒంటరిగా చదువుకుంటున్నాం... నచ్చని మాటన్నవాళ్ళను ఒక్క వేలితో పక్కకు నెట్టేస్తున్నాం. అయినా ఆ వాకాడు పిల్లల గురించి విన్నాక, పంచలు మళ్ళీ నిండుతాయనే అనిపిస్తోంది.

మీ ఇంట్లో ఏ పుస్తకం కోసం అలిగారు? మీరు ఎవరి పక్షం? మొహమాటపడకుండా చెప్పండి... నేను మాత్రం ఇప్పటికీ పోలమ్మత్త పక్షమే.